మూడో ముంత

కొత్త చెరుకు గానుగ ఎలా ఉండాలో వాడేవాళ్లే తేల్చాలన్నాడు గానుగలు చేసే గోవిందస్వామి. చిత్తూరులో ఆయన షెడ్డుకు ఆ మధ్యాహ్నం ముగ్గురు రైతులు, బెల్లం వండే మునస్వామి, గానుగలో చెరుకు పెట్టే గురవమ్మ వచ్చారు.

"వేగం, ఎక్కువ రసం, చెయ్యి పోకుండా ముందర రేకు. మూడూ పెడితే మీరు కొనలేరు. రెండే పెడతా, ఏవో చెప్పండి."

రేకు పెడితే గానుగ నోరు చిన్నదవుతుంది. రెండేసి గడలే పడతాయి. పని నిదానం.

"రేకెందుకబ్బా! సూసి పెట్టుకుంటే చెయ్యెట్ల పోతాది?" అన్నాడు రైతు మునివెంకటప్ప.

గురవమ్మ కుడిచేతిని కొంగులో దాచుకుంది. పోయినేడు మునివెంకటప్ప తోటలోనే ఆమె రెండు వేళ్లు నలిగిపోయాయి. ఆ గానుగ చేసింది గోవిందస్వామే.

ఒకరి ఎదుట ఒకరు మొహమాటపడకుండా ఆయన లోపలి గదిలో ఒక్కోదానికి ఒకటి చొప్పున మూడు ముంతలు పెట్టాడు. తనతో కలిపి ఆరుగురికీ తలా ఐదు చింతగింజలు. ఒక్కొక్కరే వెళ్లి వేసి వచ్చారు.

వేగానికి పదమూడు. రసానికి పన్నెండు. రేకుకు ఐదు.

అందరూ గురవమ్మ వైపు చూశారు.

"అవి నావి కాదు నాయనా! నేను వేగానికే ఏసినా."

ఎవరూ నమ్మలేదు. గోవిందస్వామి గింజలన్నీ గబగబా సంచిలో పోసేశాడు.

రేకు లేకుండానే గానుగ తయారైంది. బెల్లం పనులు మొదలయ్యాయి. "పని జరక్కూడదనుకునే మనిషి మనకెందుకప్పా?" అన్నాడు మునివెంకటప్ప. గురవమ్మను ఏ తోటకూ పిలవలేదు.

గోవిందస్వామికి అన్నం సయించడం లేదు.

ఒకరోజు గురవమ్మే షెడ్డుకు వచ్చింది. ఆ సమయానికి మునివెంకటప్ప తన ఊరివాళ్లు నలుగురిని వెంటబెట్టుకొచ్చి, వాళ్లకూ గానుగలు కావాలని బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"వేగమైతే పని ఎక్కువుంటాదని ఆశపడి ఏసినానన్నా. ఆ గింజలు నావి కాదని నువ్వన్నా ఒక మాట చెప్పు. నీ మాటైతే ఇంటారు."

గోవిందస్వామి బెంచీ వైపు చూశాడు. ఆమె చేతివైపు చూడలేకపోయాడు.

"ఎవరేసినారో నాకెట్ల తెలుస్తాదమ్మా?"

గురవమ్మ కుడిచేతిని కొంగులోకి లాక్కుని వెళ్లిపోయింది.

రేకు ముంతలో ఆ ఐదు గింజలూ వేసింది గోవిందస్వామే.