మిట్ట మీద ఎడంకాలు

షాపు ముందు అందరూ చూస్తుండగా బండి పక్కకి ఒరిగింది. దానితోపాటు గాయత్రి కూడా.

దెబ్బ తగల్లేదు. పరువే పోయింది.

"ఇంత ఎత్తు డర్ట్ బైకు మీకెందుకండీ? కాళ్ళు అందవు. ఇదుగో, కిందికి దించిన బండి. రెండు కాళ్ళూ శుభ్రంగా ఆనతాయి" అన్నాడు హేమంత్‌కుమార్. ఏలూరులో ఆ పాతబళ్ళ షాపు అతనిదే.

గాయత్రికి ఏడుపొక్కటే తక్కువ.

పెదపాడు దగ్గర వాళ్ళు కౌలుకి చేస్తున్న చేపల చెరువులున్నాయి. తండ్రి మాణిక్యం గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. చెరువుల యజమాని నాగభూషణరావు మంచివాడే గానీ బొత్తిగా మొహమాటం లేనివాడు.

"తెల్లారేసరికి చేపలు గాలాడక పైకి తేలతాయమ్మా. ఆ టైముకి గట్లన్నీ తిరిగి, నీళ్ళకి గాలి పట్టించే మోటార్లు వెయ్యాలి. నువ్వు తిరగగలవని ఆదివారం నాకు చూపించు. లేదా, ఇంకొకాయన అడుగుతున్నారు, కౌలు ఆయనకిచ్చేస్తాను" అనేశాడు.

ఉన్న స్కూటరు మొదటి వానకే గట్టు మీద దిగబడింది. అందుకే ఈ బండి వేట.

గాయత్రి కిందికి దించిన బండి మీద చెయ్యి వేసింది.

"అది వద్దమ్మా!"

బెంచీ మీద టీ తాగుతున్న పెద్దమనిషి ఒకాయన. తన బండి రిపేరుకిచ్చి కూర్చున్నాడు. ఒళ్ళో నీలం హెల్మెట్టు.

"చెరువుగట్టు మీదకేనా అండీ?"

"అవునండి."

"ట్రాక్టర్లు తిరిగి గట్టుకి రెండు పక్కలా గాడి పడుతుంది. మధ్యలో మిట్ట. ఇంత దించిన బండి గాడిలో దిగిందంటే ఫుట్‌రెస్టు మిట్టకి గీసుకుని పడేస్తుంది. ఎత్తు బండే తీసుకోండి. సీటులో స్పాంజి కాస్త కోయిస్తే చాలు."

"కాళ్ళు అందవంటుంటే!"

"రెండెందుకమ్మా? ఒకటి చాలు."

ఆయన లేచి నిలబడ్డాడు. గాయత్రి కంటే బెత్తెడు తక్కువే! నవ్వొచ్చి ఆమె పెదవి కొరుక్కుంది.

"నవ్వండి, ఫరవాలేదు. నాకు అందినప్పుడు మీకు అందదా? ఇంతకీ ఎవరి చెరువులమ్మా?"

"పెదపాడు దగ్గర, నాగభూషణరావుగారివండి. ఆదివారం నడిపి చూపించకపోతే మా చేతిలోంచి పోతాయి."

ఆయన టీ తాగబోయి ఆగిపోయాడు. చేతిలో టీ చల్లారిపోయింది. తర్వాత గ్లాసు బెంచీ మీద పెట్టి, "ఇలా రండి" అన్నాడు.

షాపు వెనక ఖాళీ స్థలంలో లారీలు తొక్కిన గాడులున్నాయి. ఎండలో నిలబడి ఆయన చెప్పడం, గాయత్రి పడడం, మళ్ళీ లేవడం.

"కుడి గాడిలోనే నడపండి. ఆగబోయే ముందే సీటు మీంచి ఎడం పక్కకి జారండి. కుడికాలు బ్రేకు మీద, ఎడంకాలు మధ్య మిట్ట మీద. నీళ్ళ వైపు మాత్రం కాలు పెట్టకండి."

పొద్దువాలేసరికి బండి మాట వింది.

గాయత్రికి సంతోషంతోపాటు అనుమానమూ పుట్టింది. ముక్కూమొహం తెలియని మనిషికి ఊరికే ఇంత ఓపికేమిటి? ఎత్తు బండి అమ్ముడైతే ఈయనకేదో ముడుతుంది!

డబ్బు కట్టేటప్పుడు ఆయనకి వినపడేలాగే అంది. "ఏవండీ, బ్రోకరుగారి కమిషను నా బిల్లులో కలపకండి."

"అయ్యో, ఆయన బ్రోకరేమిటండీ..." హేమంత్‌కుమార్ నొచ్చుకున్నాడు.

"పోనీలెండి" అన్నాడు ఆయన. మొహం మాత్రం చిన్నబోయింది. హెల్మెట్టు పెట్టుకుని తన బండి ఎక్కాడు. "స్పాంజి సంగతి మర్చిపోకండమ్మా."

ఆదివారం వచ్చింది.

గట్టు మొదట్లో ఆటో ఆపించుకుని, కట్టు కట్టిన కాలు బయటికి చాపి, మాణిక్యం కనపడని దేవుళ్ళందరికీ మొక్కుతున్నాడు. నాగభూషణరావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన పక్కన తెలిసినవాళ్ళు కొందరున్నారు. గాయత్రి ఎవరినీ చూడలేదు. ఆమె కళ్ళు కుడి గాడి మీదే ఉన్నాయి.

రెండో చెరువు దగ్గర గేదె ఒకటి తీరుబడిగా గట్టెక్కి అడ్డం నిలబడింది.

"అమ్మాయ్!" మాణిక్యం కేక పెట్టాడు.

గాయత్రి ఎడం పక్కకి జారింది. కుడికాలు బ్రేకు మీద. ఎడంకాలు మిట్ట మీద. బండి కదలకుండా నిలబడింది.

గేదె ఆమెని తేరిపార చూసి, దారి ఇచ్చి పోయింది.

గాయత్రికి ఒళ్ళు తేలికైంది. షాపులో పెద్దాయన గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. పాపం, అంత మాట అనకుండా ఉండాల్సింది.

ఆమె గట్లన్నీ తిరిగొచ్చేసరికి నాగభూషణరావు నవ్వుతున్నాడు.

"కౌలు మీదేనయ్యా మాణిక్యం!"

మాణిక్యం తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి, అడుగుతున్నారన్న ఆ రెండో ఆయనకి కోపం రాదా అండీ?" అంది గాయత్రి.

"బాపిరాజుగారికా? ఆయన్నీ రమ్మన్నాను. ఇందాకటి దాకా నా పక్కనే ఉన్నారు. ఈ చెరువులు తప్ప ఇంకేవీ వద్దని నా ప్రాణం తీసిన మనిషి, నువ్వు గేదె దగ్గర ఆగగానే, 'అమ్మాయికే ఉంచండి, నాకు వద్దండీ' అనేశారు. నువ్వు ఆఖరి గట్టు దాటాక ఇప్పుడే బయల్దేరిపోయారు."

"అయ్యో, ఒక్క దండమైనా పెట్టనివ్వలేదే! ఎటు వెళ్ళారండీ?"

నాగభూషణరావు కొల్లేటి వైపు పోయే రోడ్డు చూపించాడు.

దూరంగా మలుపు దగ్గర ఒక పొట్టి మనిషి బండి ఆపి, రోడ్డు పక్క మిట్ట మీద ఎడంకాలు ఆనించి, ఎదురొచ్చే లారీకి దారి ఇచ్చి, నీలం హెల్మెట్టు సర్దుకుని మలుపు తిరిగిపోయాడు.