ఎవరి దారి వాళ్ళది

"ల్యాబ్ లైను విడదీసే పని ఆదివారం చేద్దాంలేమ్మా, ఇప్పుడేం కొంపలు మునిగిపోవు," అన్నాడు ఆసుపత్రి సూపరింటెండెంట్.

"ఇవాళే చేస్తాను సార్. భోజనాల వేళ పది నిమిషాలు చాలు." నెట్‌వర్క్ ఇంజనీరు అప్పటికే లాప్‌టాప్ తెరిచింది. పొద్దుట్నుంచీ ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు.

పదిహేను రోజుల క్రితం మూడో వార్డు ఆయాకి క్షయ అని ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఆ మాట డాక్టరు కంటే ముందే టీ గదికి చేరింది; ల్యాబ్ రిపోర్టులు ఏ విభాగం కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటాయి మరి. సాయంత్రానికల్లా ఆమె పక్కన కూర్చునేవాళ్ళు లేరు. మర్నాటి నుంచి ఆయా పనికి రావడం మానేసింది. మందులకూ రాలేదు. అదే ఇంజనీరుని తినేస్తోంది.

"కంప్యూటర్లని కలిపే ఆ రూటర్ పెట్టె ల్యాబ్‌కి వేరేది కావాలా?" అన్నాడు సూపరింటెండెంట్.

"అక్కర్లేదు సార్. పెట్టె ఒకటే. లోపల ఒక్కో విభాగానికి విడిగా దారుల పట్టిక రాస్తాను. డాక్టర్లకీ, థియేటర్‌కీ ల్యాబ్ దారి ఉంటుంది. ఫార్మసీ పట్టికలో ల్యాబ్‌కి దారే ఉండదు. దారి లేకపోతే ఎవరైనా ఎలా వెళ్తారు?"

గుమ్మంలో నిలబడ్డ ఫార్మసిస్టు మూతి ముడిచాడు. "అందరూ నన్నే దొంగని చూసినట్టు చూస్తున్నారు. ఆ రిపోర్టు నేను చూళ్ళేదు మొర్రో అంటే వినరేం?"

ఇంజనీరు తల తిప్పుకుంది.

ఒంటిగంటకి ల్యాబ్ లైనుని కొత్త పట్టికలోకి మార్చింది. మార్చీ మార్చగానే ల్యాబ్ నుంచి ఫోను.

"రిపోర్టులు ఆగిపోయాయి! ఆపరేషన్ థియేటర్ వాళ్ళు బ్లడ్ గ్రూపు కోసం అరుస్తున్నారు!"

ఆమెకి ముచ్చెమటలు పోశాయి. పట్టిక మారిస్తే ఆ లైను చిరునామా చెరిగిపోతుందని తెలిసీ, తొందరలో మళ్ళీ రాయడం మరిచిపోయింది. రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారికి సరిగ్గా కొట్టింది.

"వచ్చాయి, వచ్చాయి!" అంది ఫోన్లో గొంతు.

ఫార్మసీ కంప్యూటర్ నుంచి ప్రయత్నిస్తే ల్యాబ్ దొరకలేదు. రికార్డుల గది నుంచీ దొరకలేదు.

"శభాష్! ఆ రిపోర్టు తెరిచిందెవరో కూడా తేల్చెయ్యమ్మా," అన్నాడు సూపరింటెండెంట్.

"సాయంత్రం చెప్తాను సార్. ముందు ఆయాని చూసొస్తాను."

ఆయా ఇల్లు రెండో అంతస్తులో ఒంటిగది. తలుపు సగమే తెరిచి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "దూరంగా ఉండమ్మా."

ఇంజనీరు లోపలికెళ్ళి మంచం అంచున కూర్చుంది. డాక్టరు రాసిచ్చిన మందుల కవరు ఆయా చేతిలో పెట్టింది. "ఆరు నెలలు మానకుండా వాడమన్నారక్కా. ఇకమీదట ఎవరి రిపోర్టూ డాక్టర్లని దాటి పోదు."

"నాకోసం ఇంత చేశావా తల్లీ!" ఆయా కళ్ళు తుడుచుకుంది. "జబ్బని ఏడవలేదమ్మా. ఇరవయ్యేళ్ళు పక్కన కూర్చుని టీ తాగినవాళ్ళు, కుర్చీ లాక్కుని జరిగారు చూడు, అందుకు ఏడ్చాను. ఇంతకీ అందరికీ చెప్పిందెవరో తెలిసిందా? ఆ మందులాయనేనా?"

"పాపం, ఆయన కాదు."

"మరి?"

"నేనే, అక్కా."