ఓదెలు నడక

"ఇంకొక్కసారి నడువు ఓదెలూ. నా దిక్కు చూడకు, గేటు దిక్కు చూసి నడువు."

ఓదెలు మళ్లీ నడిచాడు. ఎడమ పాదం బయటికి తిరిగి నేలను గీరుతూ పడుతోంది. ఉండి ఉండి కుడి భుజం ఎగురుతోంది, జారిపోయే బరువేదో సర్దుకుంటున్నట్టు. అమీర్‌పేటలో తన ఇంటి వాకిట్లో మోకాళ్ల మీద కూర్చున్న దయానందం ఆ భుజాన్ని గబగబా కాగితం మీదికి ఎక్కించాడు.

"ఏం మోసేటోనివి?"

"మేనా మోసేటోన్ని సారూ. శిన్నప్పటి సంది పెద్దోళ్లను మోసుడే పని."

"ఏ ఊళ్లో?"

ఓదెలు గేటు దిక్కు తిరిగి నడవబోయి ఆగాడు. "సారూ, నా మొఖం మాత్రం గియ్యకుండ్రి."

"గియ్యను. బొమ్మల సినిమాలో నడిచేది లావుపాటి సేటు. మీసాలు పెడతా, టోపీ పెడతా. నీ కన్నతల్లి చూసినా గుర్తుపట్టదు, సరేనా?"

ఓదెలు మొదటిసారి నవ్వాడు.

దయానందం మిషన్ బడిలో డ్రాయింగ్ మాస్టరు. గీసిన బొమ్మలను తెర మీద నడిపించాలన్నది అతని పిచ్చి. రెండో ప్రపంచ యుద్ధం నడిచినన్నాళ్లూ ఫిల్ము దొరకలేదు. యుద్ధం ముగిశాక ఒక చెప్పుల కంపెనీ ప్రకటన తీయమంది. సేటు కొత్త చెప్పులు తొడుక్కుని ఊరంతా తిరగాలి, అంతే కథ. అద్దంలో చూసుకుంటూ తన నడకే గీసుకుంటే సేటు కొయ్యబొమ్మలా కదిలాడు. అప్పుడు కనిపించాడు ఓదెలు, పంజాగుట్ట మామిడితోటలో చెట్లకు నీళ్లు మోస్తూ.

ఒక్క అడుగు పడాలంటే డజను బొమ్మలు కావాలి. గాజుపలక కింద దీపం పెట్టి, గీసిన కాగితం మీద ఇంకో కాగితం పరిచి, పాదాన్ని వెంట్రుకవాసి ముందుకు జరిపి మళ్లీ గీసేవాడు. భార్య జీవమణి రంగులు నింపేది. పైనుంచి కిందికి చూసేలా చట్రానికి బిగించిన కెమెరా ముందు ఒక్కో బొమ్మనూ పెట్టి, తీసి, ఇంకోటి పెట్టేవాళ్లు. ఏడాది గడిచింది. చివరికి సేటు నడిచాడు. భుజం ఎగిరినప్పుడల్లా హాల్లో జనం పడీపడీ నవ్వారు.

కంపెనీ యజమాని మాత్రం నవ్వలేదు. "ఇంత తిప్పలెందుకు మాస్టరూ? మనిషిని నడిపించి ఫోటో తీస్తే ఒక్క పూటల అయిపాయె గద!" అన్నాడు. ఉన్న సినిమాను డేరా టాకీసులకిచ్చి జిల్లాలు తిప్పుతున్నాడు గానీ, ఇంకోటి తీయనన్నాడు. సెలవులు ఎక్కువ పెట్టాడని బడివాళ్లు దయానందాన్ని తీసేశారు. కెమెరా అమ్ముడుపోయింది. అతను పెన్సిల్ ముట్టడం మానేశాడు. పొద్దంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం కమలవ్వ అనే ఆమె వచ్చింది, వెంట తమ్ముణ్ణి తీసుకుని.

"అన్నా, డేరాల చెప్పుల బొమ్మ జూసిన. అది మా ఇంటాయన నడక. మొఖం మారినా నడక మారుతదా?" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "మాటకు మాట పెరిగి అలిగి వచ్చిండు. రెండేండ్లాయె. దేవులాడని ఊరు లేదు. ఏడుంటడో జెప్పు అన్నా, నీ కాల్మొక్త."

ఊరి పేరు అడిగితే ఓదెలు ఎందుకు నోరు మెదపలేదో దయానందానికి ఇప్పుడు తెలిసింది. చెప్పులు వేసుకుని తనే బయలుదేరాడు.

తోట దగ్గరికి రాగానే కమలవ్వ ఆపింది. "నువ్వీడనే ఉండన్నా. నీ ముంగట సిగ్గువడుతడు."

నిజమేననిపించింది. దయానందం రోడ్డు మీదే నిలబడ్డాడు. పక్కన ఒక లారీ ఆగి ఉంది. అందులోంచి దిగిన ఇంకొకతను, తానూ చుట్టాన్నేనంటూ వాళ్ల వెంట లోపలికి వెళ్లాడు.

కాసేపటికి ఓదెలు వచ్చాడు. తమ్ముడొకవైపు, చుట్టమొకవైపు భుజాల మీద చేతులు వేసి నడిపిస్తున్నారు. అతని నడక మారిపోయింది. భుజం ఎగరడం లేదు, పాదం తిన్నగా పడుతోంది. ఏడాది పాటు ఆ నడక గీసిన చెయ్యి దయానందానిది. సంతోషం మనిషిని ఎట్లా మారుస్తుందో అనుకున్నాడు. లారీ ఎక్కేముందు ఓదెలు ఒక్కసారి తిరిగి చూశాడు. దయానందం చెయ్యెత్తి ఊపాడు.

ఇంటికి వచ్చి జీవమణితో చెప్పాడు. "మన బొమ్మ ఒక కాపురాన్ని నిలబెట్టింది."

"ప్రభువు ఏ కష్టాన్నీ వృథా పోనియ్యడండీ," అందామె కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు పొద్దున్నే లేచి, ఎన్నో నెలల తర్వాత పెన్సిల్ చెక్కుతున్నాడు దయానందం. గేటు దగ్గర ఎవరో రొప్పుతున్న చప్పుడైంది. ఒకామె గోడ పట్టుకుని నిలబడి ఉంది. పాదాలు పగిలి నెత్తురు కారుతోంది.

"సారూ, బొమ్మల సినిమ దీసింది మీరేనా? ఓదెలు ఏడుండు? జల్ది జెప్పుండ్రి. దొర గడీల దెబ్బలు పడలేక పారిపోయి వచ్చిండు. దొర మనుషులు సుత డేరాల గా బొమ్మ జూసిండ్రు. వాండ్లకు దొరికితే పానంతోని ఇడువరు."

"ఫికర్ చెయ్యకమ్మా," దయానందం చిరునవ్వుతో అన్నాడు. "ఓదెలు ఇక్కడ లేడు. నిన్ననే భార్య వచ్చి ఇంటికి తీసుకుపోయింది."

ఆమె గోడ మీది చెయ్యి తీయలేదు.

"ఓదెలు పెండ్లాన్ని నేనే సారూ."