బెన్నీ రైలు

మా తమ్ముడు బెన్నీకి యాభై దగ్గరపడ్డా పాతకాలపు రేకు రైలుబొమ్మల పిచ్చి పోలేదు. అసలువి దొరకవు కాబట్టి, అచ్చం వాటిలాగే ఇప్పుడు చేసేవి తెప్పించుకుంటాడు. ఈసారి బెంజ్ సర్కిల్ ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని జర్మనీకి ఆర్డరిచ్చాడు. రెండు నెలలైనా రాలేదు.

"రైలొచ్చేదాకా నాకు ముద్ద దిగదక్కా" అన్నాడు.

ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగితే లేచి, "బెన్నీ రైలు క్షేమంగా చేరాలి" అని చెప్పి కూర్చున్నాను.

ఏ రైలుకో ప్రమాదమనుకుని డెబ్బై ఏళ్ల అమలమ్మగారు మూడు రోజులు ఉపవాసం ఉన్నారు. అది బొమ్మ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నాలుగో రోజు పార్సిల్ వచ్చింది. వెనకే ఆవిడా వచ్చారు. బెన్నీ మూరెడు రైలు తీసి ఆవిడ ఒళ్లో పెట్టాడు. నేను తల దించుకున్నాను.

"ఏంట్రా అబ్బాయ్, ఇదా రైలు?"

"ఇదేనండీ."

ఆవిడ కళ్లజోడు సవరించుకుని, కిటికీల మీద అచ్చువేసిన ముఖాలను వేలితో తడుముతూ లెక్కపెట్టారు.

"పద్దెనిమిది మంది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. స్తోత్రం."

తర్వాత నా వైపు తిరిగారు.

"ఆదివారం చర్చిలో సాక్ష్యం నేనే చెబుతానమ్మా. నలభై ఏళ్లుగా ఎందరికోసమో ఉపవాసాలున్నా. అందరూ క్షేమంగా ఇల్లు చేరింది ఈసారే."