పెద్ద వంతెన

మడగాస్కర్ ఎర్రకొండల మధ్య, చీకట్లో, సొలొఫొ వ్యాను నడుపుతున్నాడు. పైన చాపలో చుట్టి కట్టినవి రవావు మొగుడి ఎముకలు. సొంతూరి సమాధిలో కలపడానికి తీసుకెళ్తున్నారు. చుట్టాలంతా వెనక నిద్రపోతున్నారు. ముందు సీట్లో రవావు ఒక్కతే మేలుకుని ఉంది. నీళ్లు దాటినప్పుడల్లా పోయినవాడికి చెప్పాలి. చెప్పకపోతే ఆత్మ ఆ ఒడ్డునే ఉండిపోతుంది.

“ఏమయ్యా, వాగు దాటుతున్నాం. వస్తున్నావా?”

పైన చాప కొంచెం ముందుకు జరిగిన చప్పుడైంది.

“పడుకోమ్మా. ఆయనకు దారి తెలీదా?” అన్నాడు సొలొఫొ.

“బతికున్నప్పుడే సంతకెళ్తే ఇంటిదారి మరిచేవాడు. ఇప్పుడు తెలుస్తుందా?” నవ్విందామె. “పెద్ద వంతెన మీద పోయాడు నాయనా. ఏదో బండి గుద్దేసి, ఆగకుండా పోయిందట.”

సొలొఫొ గేరు మార్చాడు. మూడేళ్ల కిందట అక్కడ ఒక మనిషిని గుద్దేసి ఆగకుండా పోయింది అతనే.

మరో వాగు వచ్చింది. ఆమె మళ్లీ చెప్పింది. చాప మళ్లీ జరిగింది. తాళ్లు బిగించింది సొలొఫొనే, నాలుగు ముళ్లు వేసి. ఇప్పుడా చప్పుడు సరిగ్గా అతని నెత్తిమీదే ఉంది.

పెద్ద వంతెన వచ్చేసరికి ఆమె కళ్లు మూసుకుని ఉంది. సొలొఫొ ఊపిరి బిగబట్టి సగం దాటాడు.

“ఏమయ్యా, పెద్ద వంతెన,” అందామె, కళ్లు తెరవకుండానే. “బండి నడిపేవాడి పేరు సొలొఫొ.”

ఇంజను ఆగిపోయింది. కింద నది చప్పుడు కూడా వినబడలేదు.

రవావు కిటికీ వైపు ఒదిగి, ఇద్దరి మధ్యా ఒక మనిషికి సరిపడా చోటు చేసింది.

“కాస్త జరుగు నాయనా. ఆయన కూర్చుంటాడట.”