ఖాళీగా తెరుచుకున్న తెర

అన్యాయం ఎవరికి జరిగింది? అక్కకి. ఎలా? తల్లి మంచాన పడ్డప్పుడు చదువు మానుకుని దగ్గరుండి చూసుకున్నది అక్క. పట్టా పుచ్చుకున్నది చెల్లెలు. అక్క ఇంట్లో కూర్చునే ప్రోగ్రామింగ్ నేర్చుకుని, పదేళ్లుగా నిలదొక్కుకున్న ఆఫీసుకే చెల్లెలు నిన్నగాక మొన్న వచ్చింది. ఇప్పుడు జట్టు నాయకత్వానికి ఇద్దరి పేర్లూ పరిశీలనలో ఉన్నాయి.

"అక్కా, నా కోడ్ నువ్వే సరిచూడాలిట," అంది చెల్లెలు కుర్చీ లాక్కుంటూ.

"నీ కోడ్‌లో తప్పులా? మేనేజరుగారు పొద్దస్తమానం నీ పేరే జపిస్తున్నారుగా."

"కుళ్లుకోకే. ముక్కు ఎర్రబడుతోంది."

చెల్లెలు వెళ్లాక అక్క తప్పు పట్టుకుంది. అది ఆస్పత్రి యాప్‌లో రోగుల జాబితా చూపే తెర. దాన్ని సిద్ధం చేసే కోడ్ ముక్క అయిన కన్‌స్ట్రక్టర్‌లోనే సర్వర్ నుంచి జాబితా తెమ్మనే పిలుపు ఉంది. జాబితా వచ్చేదాకా ఆగే ఏర్పాటు లేదు. ఇక్కడ సర్వర్ పక్క గదిలోనే ఉంది కనుక జాబితా క్షణంలో వచ్చేస్తుంది, లోపం తెలియదు. ఆస్పత్రిలో మాత్రం జాబితా ఆలస్యమై, తెర ఖాళీగా తెరుచుకుంటుంది. అలా రాయకూడదని చెల్లెలికి మొదటి వారమే నేర్పింది అక్కే.

అక్క రెండుసార్లు చదివి, ఫైలు మూసేసింది.

"ఏమైనా తప్పు ఉందా?" అంది చెల్లెలు తిరిగొచ్చి.

"ఏమీ లేదు."

చెల్లెలు ఆమెనే కాసేపు చూసి, "సరే," అంది.

మర్నాడు ఆస్పత్రిలో యాప్ ప్రదర్శన. తెర ఖాళీగా తెరుచుకుంది.

"మా రోగులందరికీ నయమైపోయిందా?" అన్నాడు పెద్ద డాక్టరు.

మేనేజరు ముఖం మాడిపోయింది. "ఇది ఎవరూ సరిచూడలేదా?"



"అక్క చెప్పిందండి. నేనే వినలేదు," అంది చెల్లెలు.

సాయంత్రానికి జట్టు అక్క చేతికి వచ్చింది. చెల్లెలు చూపిన ఆ దయ మాత్రం ఆమెకు అసూయకన్నా ఎక్కువ మండింది.

నాయకురాలికి అందరి చిత్తుప్రతులూ తెరుచుకుంటాయి. లోపాన్ని తానే సరిచేద్దామని అక్క చెల్లెలి ఫైళ్లు తెరిచింది. ఒకదాంట్లో ఆ పిలుపు కన్‌స్ట్రక్టర్‌లో లేదు. జాబితా వచ్చాకే తెర తెరుచుకునేలా, అక్క నేర్పినట్టే పొందికగా రాసి ఉంది. పైన ఒక గమనిక: "అమ్మ దగ్గర నువ్వు కూర్చున్న ఏళ్లకి, అక్కా. ఇక చెల్లు."

ఆ ఫైలు తేదీ, తప్పుది ఇచ్చి సరిచూడమని అడగడానికి ముందురోజుది.