బుల్లెమ్మ మేక

“దాన్ని కాల్చి చంపుతారా, లేదా? ముందు ఆ మాట చెప్పండి!”

బుల్లెమ్మ కొండదారికి అడ్డంగా నిలబడి అడిగింది. ఎదురుగా అడవి శాఖ రేంజరు సోమయాజులు, ఆయన వెనక బొగ్గు కాంట్రాక్టరు పెద్దిరాజు. ఇద్దరూ నూజివీడు నుంచి జీపులో వచ్చి, మామిడితోటల చివర దిగి నడుస్తున్నారు.

“చూడమ్మా, అసలు చిరుత ఉందో లేదో తేలాలి కదా,” అన్నాడు రేంజరు.

“లేకపోతే నా మేకనెవరు తిన్నట్టండీ? గాలి తిన్నదా?”

“కుక్కలు తినుంటాయి,” అన్నాడు పెద్దిరాజు. “ఈ కొండమీద ఆఖరి చిరుతని జమీందారుగారి అల్లుడు కొట్టేశాడండీ. ఎస్టేటు పోకముందు మాట. ఆ వేటలో డప్పు కొట్టి అడవిని అదిలించింది ఈవిడ మొగుడు యలమందే.”

“కొట్టాడు. తోలు దొరల గోడకెక్కింది, డప్పు కొట్టినోడు మట్టిలో కలిశాడు,” అంది బుల్లెమ్మ. “ఇది దాని పిల్లో, పిల్లకి పిల్లో! నన్నడుగుతారేంటి?”

పెద్దిరాజు కంగారుకి కారణముంది. కొండంతా నరికి బొగ్గు కాల్చుకునే కూపు కాంట్రాక్టు అతనికి ఖాయమైనట్టే. ఒకటే మెలిక. చిరుతలాంటి జంతువు తిరిగే కొండని నరకనివ్వకుండా మృగాల రక్షణకి వదిలెయ్యాలని కొత్తగా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చిరుత లేదని మొన్నటిదాకా ఊరంతా ఒకే మాట మీద ఉంది. సరిగ్గా ఇప్పుడే బుల్లెమ్మ మేక పోవాలా!

ఊళ్లోవాళ్లు వచ్చి బతిమాలారు. చిరుత మాటెత్తితే కొండ మూసేస్తారు, బొగ్గుబట్టీల్లో పని పోతుందన్నారు. బుల్లెమ్మ వింటేనా? నా మేక, నా నోరు అంది. మొగుడు పోయాక, కొండలోంచి వచ్చే ఊటనీళ్లు మళ్లించుకుని నాలుగు రసాల చెట్లని ఒంటిచేత్తో బతికించుకున్న మనిషి. ఆమె మొండితనం ఊరికి కొత్త కాదు.

చద్దిమూట ఒడిలో కట్టుకుని ఆమె ముందు నడిచింది. దారిలో తుమ్మకంపకి వేలాడుతున్న తాడు చూపించింది. అది మేక మెడతాడు. చివర పీచుపీచుగా తెగి ఉంది. ఊటగుంట దగ్గర ఎండిన బురదలో ఒక పాదముద్ర చూపించింది. రేంజరు మోకాళ్లమీద కూర్చుని కళ్లజోడు సవరించుకున్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో బతికున్న చిరుతని ఒక్కసారీ చూడలేదాయన.

“గోళ్లు పడలేదు. కుక్కది కాదు,” అన్నాడు మెల్లగా.

“నాలుగు కాళ్ల జంతువుకి ఒక్క కాలి ముద్రేంటండీ?” పెద్దిరాజు వదల్లేదు. “పైగా పాతది. ఎప్పుడో అటుగా పోయిన జంతువుని పట్టుకుని కూపు ఆపేస్తారా?”

రేంజరు ఆలోచనలో పడ్డాడు. “నిజమే. ఇదొక్కటే చూసి నేను రాయలేను.”

బుల్లెమ్మ ఇంతదూరం వచ్చాక వెనక్కి తగ్గేది లేదనుకుంది.

మధ్యాహ్నం అందరూ నీడన కూర్చున్నారు. రేంజరు తన పులిహోర పొట్లం విప్పి, “నువ్వూ తినమ్మా,” అన్నాడు.

“కడుపు మండిపోతుంటే ముద్దెట్టా దిగుతుందండీ?” అంటూ మూట విప్పకుండానే లేచింది. “మీరిక్కడే ఉండండి. అదెక్కడ చచ్చిందో నేనే చూసొస్తా.”

“ఒక్కదానివి వెళ్లకు!” అని రేంజరు అరుస్తూనే ఉన్నాడు. ఆమె ఊటగుంట పైనున్న బండ చాటుకి వెళ్లిపోయింది. మనిషి కనబడలేదుగాని తిట్లు మాత్రం కొండంతా వినబడ్డాయి. దాని వంశాన్ని, దాన్ని కాపాడే సర్కారుని, జీపుల్లో తిరిగే పెద్దమనుషుల్ని ఎవరినీ వదల్లేదు. ఉన్నట్టుండి కేక వేసింది.

“ఇదిగో! రండి, రండి!”

బండ వెనక తడిబురదలో కొత్త ముద్ర. అందులోకి నీళ్లు ఇంకా ఊరుతున్నాయి.

“ఇప్పుడే... ఇప్పుడే వెళ్లింది!” రేంజరు సంతోషంగా మళ్లీ మోకాళ్లమీద కూర్చున్నాడు. “అదే కాలు, ముందు కుడికాలు. మిగతావి బండమీద పడుంటాయి.”

జవాబు చెప్పడానికి పెద్దిరాజు అక్కడ లేడు. చెప్పులు కిందే వదిలేసి బండెక్కి కూర్చున్నాడు.

“చూశారుగా! ఇక కాల్చండి,” అంది బుల్లెమ్మ.

“కాల్చడమా?” రేంజరు లేచి నిలబడ్డాడు. “దాన్ని ముట్టుకుంటే ఎవరినైనా జైల్లో పెట్టిస్తాను. ఇవాళ్టి నుంచి ఈ కొండ మృగాలది. గొడ్డలి కాదుగదా, కొడవలి కూడా ఎక్కడానికి వీల్లేదు.”

“అంటే నా మేక ఉసురు ఊరికే పోవాల్సిందేనా? పేదోళ్ల మేకకంటే చిరుతే ఎక్కువా మీకు?”

“నన్ను క్షమించమ్మా,” అన్నాడాయన నిజంగానే బాధపడుతూ. “రాత్రిళ్లు జాగ్రత్తగా ఉండు.”

“ఉండక ఏం చేస్తానండీ? మేక పోయిన కాడ్నించీ తలుపు తాళమేసుకునే ఉంటున్నా.”

పెద్దిరాజు బండ దిగాడు. జీపెక్కబోతూ పళ్లు కొరికాడు. “నోరు మూసుకుని ఉంటే నీకూ పనిచ్చేవాణ్ణి. కొండా పోయింది, మేకా పోయింది. ఏం బావుకున్నావే?”

“నీ పనీ వద్దు, నువ్వూ వద్దు. ఫో!” అంది బుల్లెమ్మ నడుం మీద చెయ్యేసుకుని.

జీపు దుమ్ము అణిగేదాకా అలాగే నిలబడింది. తరవాత తోటలోని తన ఇంటికెళ్లి, తాళం తీసి, లోపల గడియపెట్టి చద్దిమూట విప్పింది.

యలమంద ఆ వేటనుంచి తెచ్చిన ఎండిన చిరుత పాదాన్ని చూరులో దోపి, మేకకి ఆకు వేసింది.